బాపుకు పీఎస్ఏ 11 వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా బాపుకు 68 ఏళ్లు, వ్యవసాయం. రెండేళ్ల నుంచి రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టర్ రాసిన బిళ్లలు వాడుతున్నాడు. పోయిన వారం మూత్రం మొత్తం బందయితే వరంగల్ తీసుకొచ్చి పైపు వేయించాం. ఇన్ఫెక్షన్ కూడా ఉందన్నారు. అప్పుడే తీసిన రక్తంలో పీఎస్ఏ అనే ప్రోస్టేట్ పరీక్ష 11.4 వచ్చింది. ల్యాబ్ దగ్గర ఒకతను ఇది కేన్సరే అన్నాడు. మా బావ వెంటనే హైదరాబాద్ పోయి ఆపరేషన్ చేయిద్దామంటున్నాడు. పెద్దబాపు మాత్రం సూది గుచ్చితే పాకుతది, ముట్టుకోవద్దు అంటున్నాడు. బాపుకు ఇంకా ఏమీ చెప్పలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. నాకు 41. నాకూ వస్తుందా?

జవాబు:

తమ్ముడూ, మీ చేతిలో ఉన్న రిపోర్టు మీద కేన్సర్ అని ఎక్కడా లేదు. మూత్రం బందయి, ఇన్ఫెక్షన్ ఉండి, పైపు వేసిన సమయంలో తీసిన పీఎస్ఏను చూసి కేన్సర్ ఉందని గానీ లేదని గానీ ఎవరూ చెప్పలేరు. ల్యాబ్ అతను ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఈ రాత్రికి మీరు నిద్రపోవచ్చు.

నేను హన్మకొండలో చాలా ఏళ్లుగా మూత్ర సంబంధ వ్యాధుల డాక్టర్‌గా పనిచేస్తున్నాను. నర్సంపేట, పరకాల, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి మీ బాపులాంటి పెద్దమనుషులు రోజూ వస్తారు. ప్రోస్టేట్ కేన్సర్ విషయంలో మనవాళ్లు నష్టపోయే తీరు నాకు దాదాపు ఒకేలా కనిపిస్తుంది. ఆగాల్సిన చోట ఉరుకుతారు, ఉరకాల్సిన చోట ఆగుతారు. ఒక్క పీఎస్ఏ నంబర్ చూసి పొలం అమ్మి ఆపరేషన్‌కు సిద్ధమయ్యేవాళ్లు ఉన్నారు. నడుము నొప్పితో ఆరు నెలలు మాలిష్ చేయించుకుని, కాళ్లు పడిపోయాక మంచం మీద వచ్చేవాళ్లూ ఉన్నారు. ఎక్కడ నిదానం, ఎక్కడ తొందర అన్నది తెలిస్తే మీ బాపుకు సగం మేలు జరిగినట్టే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ప్రోస్టేట్ అనేది మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే గ్రంథి. వయసులో ఉన్నప్పుడు పెద్ద ఉసిరికాయంత ఉంటుంది, 20 గ్రాముల చుట్టుపక్కల. వీర్యంలో కొంత భాగం ఇక్కడ తయారవుతుంది. వయసు పెరిగేకొద్దీ దాదాపు అందరు మగవాళ్లలోనూ ఈ గ్రంథి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు లోపలి భాగంలో, నాళాన్ని ఆనుకుని వస్తుంది కాబట్టి నాళం ఇరుకై మూత్రం ధార సన్నబడుతుంది, రాత్రిళ్లు లేవాల్సి వస్తుంది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది. ఇది కేన్సర్ కాదు, కేన్సర్‌గా మారేదీ కాదు. కేన్సర్ ఎక్కువగా గ్రంథి బయటి అంచున, పురీషనాళం వైపు మొదలవుతుంది. అక్కడ చిన్న గడ్డ పుట్టినా నాళం మీద ఒత్తిడి పడదు. అందుకే మొదటి దశలో ప్రోస్టేట్ కేన్సర్‌కు లక్షణాలే ఉండవు. మీ బాపు రెండేళ్లుగా పడుతున్న మూత్రం ఇబ్బంది చాలావరకు మామూలు వాపుదే అయ్యుండాలి. రెండూ ఒకే మనిషిలో ఉండే అవకాశం ఉంది కాబట్టే పరీక్ష చేస్తాం.

ఇక పీఎస్ఏ సంగతి. ఇది ప్రోస్టేట్ కణాలు తయారుచేసే ఒక ప్రొటీన్. వీర్యాన్ని పల్చగా చేయడం దాని పని. అందులో కొద్దిగా రక్తంలోకి వస్తుంది. కేన్సర్‌లో ఎక్కువగా వస్తుంది. కానీ గ్రంథి ఉబ్బినా, ఇన్ఫెక్షన్ వచ్చినా, మూత్రం బందయినా, పైపు వేసినా, అంతకు ముందు రెండు రోజుల్లో భార్యాభర్తలు కలిసినా పెరుగుతుంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో 20, 30 దాటి, మందులు వాడాక 2కు దిగినవాళ్లను చూశాను. మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు అనే గీత చాలా ఏళ్లుగా వాడుకలో ఉంది. ఆ గీతకు ఇటు ఆరోగ్యం, అటు కేన్సర్ అని లేదు. 4 నుంచి 10 మధ్య ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ముక్క పరీక్షలో (బయాప్సీ, అంటే సూదితో గ్రంథి నుంచి చిన్న ముక్క తీసి చూడటం) కేన్సర్ కనిపించదు. 4 లోపు ఉన్నవాళ్లలోనూ కొందరికి ఉంటుంది.

కాబట్టి మీరు మొదట చేయాల్సిన పని: ఇన్ఫెక్షన్‌కు ఇచ్చిన యాంటీబయాటిక్ కోర్సు పూర్తిగా వాడించండి. డాక్టర్ చెప్పిన రోజున పైపు తీసి మూత్రం దానంతటది వస్తుందో లేదో చూస్తారు. ఆ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, అదే ల్యాబ్‌లో పీఎస్ఏ మళ్లీ చేయించండి. ల్యాబ్ మారితే యంత్రం మారుతుంది, అంకె కొంత అటూఇటూ అవుతుంది.

ఈలోగా బాపు వాడే బిళ్లల పట్టీ వెనక పేరు చదవండి. ఇది చాలామంది పట్టించుకోని విషయం, కాస్త శ్రద్ధగా చూడండి. టామ్సులోసిన్ గానీ సిలోడోసిన్ గానీ ఒక్కటే ఉంటే పీఎస్ఏకు దానితో సంబంధం లేదు. దానితో కలిపి డ్యుటాస్టెరైడ్ లేదా ఫినాస్టెరైడ్ ఉంటే మాత్రం, ఆరు నెలలు దాటి వాడినవాళ్లలో పీఎస్ఏ సుమారు సగానికి తగ్గుతుంది. అంటే రిపోర్టులో 3.5 అని వస్తే దాన్ని 7గా చదవాలి. మన మెడికల్ షాపుల్లో ఈ రెండు మందులూ కలిపిన బిళ్లలు విరివిగా దొరుకుతాయి, ఏళ్ల తరబడి పాత చీటీ మీదే కొనుక్కుపోతుంటారు. పీఎస్ఏ నార్మల్ అని రిపోర్టు చూపించి సంతోషపడిన మనిషికి అసలు అంకె దానికి రెట్టింపని చెప్పాల్సి రావడం నాకు తరచూ జరిగేదే. ఈ బిళ్లలు చెడ్డవని కాదు, వాపుకు బాగా పనిచేస్తాయి. మొదలుపెట్టే ముందు ఒకసారి పీఎస్ఏ చూసి పెట్టుకోవాలి, చూసే డాక్టర్‌కు ఏం వాడుతున్నదీ చెప్పాలి. అంతే.

స్కానింగ్‌లో గ్రంథి సైజు రాసి ఉంటుంది, దాన్నీ చూడండి. పీఎస్ఏను ఆ సైజుతో భాగించి చూస్తాం. గ్రంథి 60 సీసీ ఉండి పీఎస్ఏ 6 ఉంటే 0.10 వస్తుంది, పెద్ద గ్రంథి కదా, అంత పీఎస్ఏ రావడం సహజమే. గ్రంథి 25 సీసీ ఉండి అదే 6 ఉంటే 0.24. ఇది అనుమానించాల్సిన లెక్క. 0.15 దాటితే జాగ్రత్త పడతాం.

మీ ప్రశ్నలో వేలితో పరీక్ష సంగతి లేదు. అంటే చేసి ఉండరు, లేదా బాపు వద్దని ఉంటాడు. మన పెద్దవాళ్లు దీనికి చాలా సిగ్గుపడతారు. గ్లౌజ్ వేసుకుని మలద్వారం గుండా వేలితో గ్రంథిని తాకి చూడటానికి నిమిషం కూడా పట్టదు. మామూలు వాపు మెత్తగా, రబ్బరులా తగులుతుంది. కేన్సర్ అయితే గట్టిగా, గడ్డలా, ఒక పక్క ఎత్తుగా తగలొచ్చు. పీఎస్ఏ తక్కువ ఉన్నా వేలికి గడ్డ తగిలితే ముందుకు వెళ్లాల్సిందే. మీరు గదిలోంచి బయటికి వస్తే బాపు ఒప్పుకునే అవకాశం ఎక్కువ. కొడుకు ముందు చాలామంది ఇష్టపడరు.

ఆరు వారాలు ఆగమన్నాను గదా, ఆగకూడని సందర్భాలూ చెప్తాను. వేలికి రాయిలాంటి గడ్డ తగలడం. పీఎస్ఏ 50, 100 లాంటి అంకె రావడం. నడుములోనో తుంటిలోనో తొడ ఎముకలోనో రాత్రిపూట కూడా తగ్గని కొత్త నొప్పి. కారణం లేకుండా బరువు తగ్గడం. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరగడం, స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ ఉబ్బి కనిపించడం. వీటిలో ఏది ఉన్నా ఆరు వారాల మాట మరిచిపోయి ఈ వారమే యూరాలజిస్టును కలవండి.

రెండోసారి కూడా పీఎస్ఏ ఎక్కువే వస్తే తర్వాతి మెట్టు ఎమ్మారై. కొన్నేళ్ల కిందటి వరకు పీఎస్ఏ పెరిగితే నేరుగా ముక్క తీసేవాళ్లం. ఇప్పుడు ముందు ప్రోస్టేట్ ఎమ్మారై చేసి, అనుమానం ఉన్న చోటును గుర్తించి, అక్కడి నుంచి ముక్క తీయడం మంచి పద్ధతిగా స్థిరపడింది. 2018లో వచ్చిన ప్రెసిషన్ అనే పరిశోధనలో 500 మంది మీద రెండు పద్ధతులనూ పోల్చారు. ఎమ్మారై దారిలో వెళ్లినవాళ్లలో ప్రమాదకరమైన కేన్సర్లు 38 శాతం మందిలో దొరికాయి, పాత పద్ధతిలో 26 శాతం మందిలోనే. పైగా ఎమ్మారై దారిలో నాలుగో వంతు మందికి పైగా అసలు ముక్క పరీక్ష అవసరమే రాలేదు. రిపోర్టులో పైరాడ్స్ అని 1 నుంచి 5 దాకా ఒక అంకె ఇస్తారు. 1, 2 అయితే ప్రమాదకరమైన కేన్సర్ ఉండే అవకాశం తక్కువ. 4, 5 అయితే ముక్క తీయాలి. 3 మధ్యస్థం, అప్పుడు ఇందాక చెప్పిన భాగహారం లెక్క పనికొస్తుంది. పైరాడ్స్ 5 వచ్చినా అది ఇంకా అనుమానమే.

ముక్క పరీక్ష గురించి మీ పెద్దబాపు భయాన్ని కొట్టిపారేయను. ఈ మాట నేను ప్రతి ఊరివాళ్ల నోటా వింటాను. ఎందుకు పుట్టిందో కూడా తెలుసు. మన దగ్గర మనుషులు ముదిరాక వస్తారు. అప్పుడు ముక్క తీస్తారు, రెండు వారాలకు రిపోర్టు వస్తుంది, స్కాన్‌లో ఎముకలకు పాకినట్టు తెలుస్తుంది, కొన్ని నెలలకు మనిషి పోతాడు. ఊళ్లో వాళ్లకు కనిపించింది ఒక్కటే, సూది గుచ్చిన తర్వాతే పాకింది. నిజానికి ఎముకల్లోకి అది ఎప్పుడో వెళ్లింది, సూది తర్వాత బయటపడింది. ప్రోస్టేట్‌లో సూది వల్ల కేన్సర్ ఒళ్లంతా పాకుతుందని భయపడాల్సిన పనిలేదు. పెద్దబాపును కూడా ఒకసారి డాక్టర్ దగ్గరికి వెంట తీసుకెళ్లండి. ఇంట్లో ఆయన మాటకు విలువ ఉంటుంది, ఆయన ఒప్పుకుంటే బాపుకు ధైర్యం.

సూదికి అసలు జాగ్రత్తలు వేరే ఉన్నాయి. మత్తు ఇచ్చి అల్ట్రాసౌండ్ చూస్తూ మలద్వారం గుండా గానీ, వృషణాల వెనక చర్మం గుండా గానీ సన్నటి ముక్కలు తీస్తారు, మామూలుగా 12, వాటికి తోడు అనుమానం ఉన్న చోటు నుంచి మరికొన్ని. గుండె కోసం ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పల్చబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. షుగర్ అదుపులో ఉండాలి. తర్వాత కొద్ది రోజులు మూత్రంలో, కొన్ని వారాలు వీర్యంలో రక్తం కనపడొచ్చు, కంగారు వద్దు. చలితో జ్వరం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, పారాసిటమాల్ వేసి పడుకోబెట్టొద్దు. ఆ రాత్రే ఆసుపత్రికి రావాలి. మలద్వారం గుండా తీసినప్పుడు ఇన్ఫెక్షన్ రక్తంలోకి వెళ్లే ప్రమాదం కొంత ఎక్కువ.

కేన్సర్ అని తేలితే రిపోర్టులో గ్లీసన్ స్కోరు చూడండి. అమెరికా పాథాలజిస్టు డొనాల్డ్ గ్లీసన్ 1960ల్లో పెట్టిన లెక్క ఇది. కణాల అమరిక మామూలు గ్రంథికి ఎంత దగ్గరగా ఉంది, ఎంత చెదిరిపోయింది అన్నదాన్ని బట్టి అంకె వేస్తారు. ఎక్కువగా కనిపించే అమరికకు ఒకటి, దాని తర్వాతదానికి ఒకటి వేసి రెండూ కలుపుతారు. ఇప్పుడు అన్నిటికన్నా తక్కువ 3+3=6. ఇది చాలా నెమ్మది రకం, దాదాపుగా పాకదు. దీన్ని కేన్సర్ అని పిలవాలా వద్దా అని డాక్టర్లలోనే చర్చ నడుస్తోంది. 8, 9, 10 వేగంగా పాకే రకాలు. 7లో ఒక మెలిక ఉంది: 3+4, 4+3 మొత్తం ఒకటే అయినా రెండోది ఎక్కువ దూకుడైనది. ఇప్పుడు దీనితోపాటు గ్రేడ్ గ్రూప్ అని 1 నుంచి 5 దాకా కూడా రాస్తున్నారు. నాకు ఫోన్ చేసి పేషెంట్లు స్టేజ్ ఎంత సార్ అని అడుగుతారు. గ్రేడ్ వేరు, స్టేజ్ వేరు. గ్రేడ్ అంటే దాని స్వభావం, స్టేజ్ అంటే అది ఎంత దూరం వెళ్లింది అనేది. స్టేజ్ కోసం రిస్కును బట్టి బోన్ స్కాన్, సీటీ, లేదా ఒళ్లంతా ప్రోస్టేట్ కేన్సర్ కణాలను వెతికే పీఎస్ఎంఏ పెట్ స్కాన్ చేస్తారు. గ్లీసన్ 6, పీఎస్ఏ తక్కువ ఉన్న మనిషికి ఈ పెట్ స్కాన్ ఖర్చు అక్కర్లేదు.

మీ బావ అంటున్న వెంటనే ఆపరేషన్ విషయానికి వస్తాను. ప్రోస్టేట్ కేన్సర్‌లో చాలా రకాలు నెలలు, ఏళ్ల లెక్కన పెరుగుతాయి. రిపోర్టు వచ్చిన వారంలోనే ఆపరేషన్ కాకపోతే ప్రాణం పోతుందన్న పరిస్థితి గ్రంథికే పరిమితమైన కేన్సర్‌లో ఉండదు. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే పెద్ద పరిశోధన జరిగింది. గ్రంథి దాటని కేన్సర్ ఉన్న 1,643 మందిని మూడు భాగాలు చేశారు, ఒక భాగానికి ఆపరేషన్, ఒక భాగానికి రేడియేషన్, మూడో భాగానికి పరీక్షలు చేస్తూ కనిపెట్టుకుని ఉండటం. 15 ఏళ్ల ఫలితం 2023లో వచ్చింది. మొత్తం మీద ఈ కేన్సర్‌తో చనిపోయినవాళ్లు 3 శాతం లోపే, మూడు భాగాల్లోనూ పెద్ద తేడా లేదు. అయితే కేవలం కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో పాకడం మాత్రం ఇంచుమించు రెట్టింపు మందిలో కనిపించింది. ఇది తెచ్చి అందరికీ వర్తింపజేయొద్దు. వాళ్లలో ఎక్కువమంది పీఎస్ఏ పరీక్షలో తొందరగా, తక్కువ గ్రేడుతో దొరికినవాళ్లు. మన దగ్గరికి గ్లీసన్ 8, 9తో వచ్చేవాళ్లకు కనిపెట్టుకుని కూర్చునే దారి లేదు. కానీ గ్లీసన్ 6 ఉన్న 70 ఏళ్ల మనిషికి, అందులోనూ గుండెకు స్టెంట్ పడి, షుగర్ ఉన్న మనిషికి, మూడు నుంచి ఆరు నెలలకోసారి పీఎస్ఏ, మధ్యమధ్య ఎమ్మారై, అవసరమైతే మళ్లీ ముక్క, ఇదే సరైన వైద్యం. పిల్లలు ఏమీ చేయకుండా వదిలేస్తారా సార్ అని బాధపడతారు. క్రమం తప్పకుండా వచ్చి చూపించుకుంటేనే ఇది వైద్యం, రాకపోతే నిజంగానే వదిలేయడం.

మధ్యస్థం, ఎక్కువ రిస్కు ఉండి గ్రంథి చుట్టుపక్కలకే పరిమితమైతే ఆపరేషన్ లేదా రేడియేషన్. నయం చేసే శక్తిలో రెండూ దగ్గర దగ్గరే. తేడా ఇబ్బందుల్లో ఉంటుంది. ఆపరేషన్‌లో గ్రంథిని పూర్తిగా తీసి మూత్రాశయాన్ని నాళానికి కలిపి కుడతారు. వారం, పది రోజులు పైపు ఉంటుంది. అది తీశాక కొన్ని వారాలు, కొందరికి నెలలు మూత్రం లీకవుతుంది. కటి కండరాల వ్యాయామంతో చాలామంది కోలుకుంటారు, కొద్దిమందికి మిగిలిపోతుంది. వీర్యం ఇక రాదు. అంగస్తంభన చాలామందిలో తగ్గుతుంది, పక్కనున్న నరాలను కాపాడగలిగితే కొంత తిరిగొస్తుంది. ఈ మాట డాక్టర్‌ను అడగడానికి సిగ్గుపడకండి, 68 ఏళ్లకు ఇదెందుకని మీరే అనుకోకండి. అది బాపు, అమ్మ అనుకోవాల్సిన విషయం. రోబోతో చేసే ఆపరేషన్ గురించి అడిగేవాళ్లు ఎక్కువ. రోబోను నడిపేది డాక్టరే. రక్తం తక్కువ పోతుంది, తొందరగా ఇంటికి వెళ్తారు. లీకేజీ, అంగస్తంభన విషయంలో మామూలు ఆపరేషన్‌తో పోల్చి చూసిన పరిశోధనలో పెద్ద తేడా తేలలేదు. అప్పు చేసి రోబో చేయించేకన్నా, ఈ ఆపరేషన్ తరచుగా చేసే చేయి దొరకడం ముఖ్యం.

రేడియేషన్‌లో కోత ఉండదు. వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు నుంచి ఎనిమిది వారాలు, ఇప్పుడు నాలుగు వారాల పద్ధతే ఎక్కువగా వాడుతున్నారు. ఆ రోజుల్లో మూత్రం మంట, మాటిమాటికి విరేచనం ఉంటాయి, కొందరికి తర్వాత మలంలో రక్తం పడొచ్చు. ఎక్కువ రిస్కు ఉంటే దానితోపాటు ఏడాదిన్నర నుంచి మూడేళ్ల వరకు హార్మోన్ ఇంజెక్షన్లు. రోజూ నర్సంపేట నుంచి రావడం, ఉండటం, వెంట ఒక మనిషి, ఇవన్నీ ముందే లెక్కేసుకోండి. సగంలో ఆపేస్తే రేడియేషన్ ఫలితం ఇవ్వదు.

మీ బాపుకు ఇవేవీ పట్టకపోవచ్చు. అయినా ఇక్కడ చదివే మిగతావాళ్ల కోసం పాకిన కేన్సర్ గురించి రాయాలి. ఎక్కువ ప్రాణాలు, ఎక్కువ కాళ్లు మనం పోగొట్టుకునేది ఇక్కడే.

ప్రోస్టేట్ కేన్సర్ పురుష హార్మోన్ మీద బతుకుతుంది. దీన్ని 1941లో చార్లెస్ హగ్గిన్స్ అనే డాక్టర్ నిరూపించాడు, 1966లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. హార్మోన్ తగ్గిస్తే ఎముకలకు పాకిన కేన్సర్ కూడా ముడుచుకుంటుంది, మంచం పట్టిన మనిషి లేచి నడుస్తాడు. దానికి రెండు దారులు. ఒకటి వృషణాలు తీసేసే చిన్న ఆపరేషన్. ఒక్కసారి ఖర్చు, ఒకటి రెండు రోజుల్లోనే హార్మోన్ పడిపోతుంది. రెండోది నెలకో, మూడు నెలలకో ఇచ్చే ల్యూప్రోలైడ్, గోసెరెలిన్ లాంటి ఇంజెక్షన్లు. వీటిలో మొదటి వారం, రెండు వారాలు హార్మోన్ పెరిగి తర్వాత తగ్గుతుంది కాబట్టి ముందు నుంచే హార్మోన్‌ను అడ్డుకునే బైకాలుటమైడ్ బిళ్లలు ఇస్తారు. వెన్నుపాము మీద ఒత్తిడి ఉన్నవాళ్లకు ఆ పెరుగుదల ప్రమాదం, వాళ్లకు ఆపరేషనో, హార్మోన్ పెరగనివ్వని డెగారెలిక్స్ ఇంజెక్షనో మేలు. పల్లెల నుంచి మూడు నెలలకోసారి రాలేని పెద్దలకు ఆ చిన్న ఆపరేషన్ మంచి వైద్యమే. కానీ ఆయనకు పూర్తిగా చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే చేయాలి. కొడుకులు ఒప్పుకుని సంతకం పెట్టడం సరిపోదు.

ఇప్పుడు హార్మోన్ తగ్గించడంతో పాటు మొదటి నుంచే అబిరాటెరోన్, ఎంజలుటమైడ్ లాంటి బిళ్లలు కలిపితే మనుషులు గణనీయంగా ఎక్కువ కాలం బతుకుతున్నారు. కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కూడా కొంత హార్మోన్ తయారుచేస్తాయి, అబిరాటెరోన్ దాన్నీ ఆపుతుంది. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ బిళ్లతో కలిపి, ఖాళీ కడుపున వేసుకోవాలి, బీపీ, పొటాషియం, లివర్ పరీక్షలు చూసుకుంటూ ఉండాలి. దీని జనరిక్ మందులు మన దేశంలోనే తయారవుతున్నాయి, మొదట్లో ఉన్న ధరతో పోలిస్తే చాలా తగ్గాయి. అన్ని బ్రాండ్ల ధరలూ అడిగి కొనండి. కొందరికి డోసెటాక్సెల్ కీమో కూడా ఇస్తారు.

ఇక ఉరకాల్సిన చోటు. హార్మోన్ వైద్యంతో పీఎస్ఏ 300 నుంచి 0.2కు దిగుతుంది. నొప్పి పోతుంది, పెద్దాయన పొలానికి వెళ్తాడు. తగ్గింది కదా అని ఇంట్లోవాళ్లు ఇంజెక్షన్ ఆపేస్తారు. ఆరు నెలలకో, ఏడాదికో పీఎస్ఏ వందల్లోకి వెళ్లి వస్తారు. కొందరిలో అప్పటికి మందు పట్టు తప్పి ఉంటుంది. తమ్ముడూ, ఇది చూసినప్పుడల్లా నాకు చాలా బాధ కలుగుతుంది, ఎందుకంటే ఇది తప్పించగలిగింది. ఇంజెక్షన్ తేదీ గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టండి. ఆపాలా వద్దా అన్నది పీఎస్ఏ చూసి డాక్టర్ చెప్పాలి.

ఇంకొకటి. ప్రోస్టేట్ కేన్సర్ ఉందని తెలిసిన మనిషికి వెన్నునొప్పి ఎక్కువై, కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా అది వెన్నుపాము నొక్కుకుపోతున్న గుర్తు. ఆ రోజే ఎమ్మారై, ఆ రోజే వైద్యం. నడవగలిగినప్పుడు వస్తే నడిపించి పంపగలం. కాళ్లు పూర్తిగా పడిపోయి రెండు మూడు రోజులైతే చాలామందికి తిరిగి రావు. పక్షవాతం అనుకుని పసరు మందుకు తీసుకెళ్లి రోజులు పోగొట్టుకోకండి.

హార్మోన్ వైద్యంలో ఒంట్లో వేడి ఆవిర్లు, నీరసం, కండ తగ్గడం, పొట్ట రావడం, షుగర్ పెరగడం, ఎముకలు బలహీనపడటం ఉంటాయి. రోజూ నడక, కాస్త బరువు మోసే పని, గుడ్లు, పప్పులు, పాలు, డాక్టర్ రాసిన కాల్షియం, విటమిన్ డి. మనిషి ముభావంగా మారితే అది కూడా మందు ప్రభావమే కావచ్చు, విసుక్కోకండి.

ఎక్కడ చూపించాలి అంటే, మొదటి పరీక్షలన్నీ వరంగల్‌లోనే అవుతాయి, ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుంటే అవసరమైన చోటికి రాసిస్తారు. కేన్సర్ తేలితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలోని నిమ్స్ ప్రభుత్వ రంగంలో ఉన్నాయి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు చేశారు. ఆసుపత్రిలో చేరేముందే అక్కడి ఆరోగ్యమిత్రను కలిసి మీకు రాసిన వైద్యం అందులో ఉందో లేదో కనుక్కోండి, ఆధార్, రేషన్ కార్డు దగ్గర పెట్టుకోండి. హైదరాబాద్ వెళ్లేటప్పుడు రిపోర్టు జిరాక్స్ ఒక్కటే పట్టుకెళ్లకండి. ముక్క పరీక్ష స్లైడ్లు, ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు ల్యాబ్ నుంచి అడిగి తీసుకెళ్లండి, ఎమ్మారై సీడీ కూడా. అవి లేకపోతే మళ్లీ మొదటి నుంచి చేయాల్సి రావచ్చు.

ఒకవేళ బాపుకు మూత్రం దారి కోసం లోపలి నుంచి గ్రంథి చెక్కే ఆపరేషన్ చేయాల్సి వస్తే, ఆ ముక్కలను తప్పకుండా పరీక్షకు పంపించండి. ఆ ఆపరేషన్‌లో లోపలి భాగమే తీస్తారు, కేన్సర్ మొదలయ్యే బయటి అంచు అలాగే ఉంటుంది. ప్రోస్టేట్ తీసేశారు, ఇక పీఎస్ఏ ఎందుకు అనే మాట సరికాదు.

బాపుకు ఇంకా ఏమీ చెప్పలేదన్నారు. ఇప్పుడు చెప్పడానికి ఉన్నది ఇంతే: గ్రంథి ఉబ్బింది, ఒక పరీక్ష ఎక్కువ వచ్చింది, ఇన్ఫెక్షన్ తగ్గాక మళ్లీ చూస్తారు. ఇది ఈ రోజే చెప్పండి. ఇంట్లో గుసగుసలు ఆయనకు వినిపిస్తూనే ఉంటాయి, మీరు దాచేకొద్దీ ఆయన ఇంకా పెద్దది ఊహించుకుంటాడు. రేపు కేన్సరే అని తేలినా చెప్పడమే మంచిది. ఏళ్ల తరబడి మందులు వాడాల్సిన మనిషికి ఎందుకు వాడుతున్నాడో తెలియకపోతే మధ్యలో ఆపేస్తాడు. ఆపరేషనా, రేడియేషనా అన్నది ఆయన ఒంటి సంగతి, ఎంచుకునే హక్కు ఆయనది.

మీ సంగతి. బాపుకు కేన్సర్ అని తేలితే మీకు వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా సుమారు రెండింతలు. అలాంటప్పుడు 45 ఏళ్ల నుంచి పీఎస్ఏ చూపించుకోవడం మొదలుపెట్టండి, తేలకపోతే 50 నుంచి. మీ మేనత్తలకు గానీ నానమ్మకు గానీ చిన్న వయసులో రొమ్ము కేన్సరో అండాశయ కేన్సరో వచ్చి ఉంటే డాక్టర్‌కు చెప్పండి. బీఆర్‌సీఏ2 అనే జన్యువులో లోపం ఉన్న కుటుంబాల్లో మగవాళ్లకు ఈ కేన్సర్ తొందరగా, దూకుడుగా వస్తుంది, వాళ్లు 40 నుంచే చూపించుకోవాలి. ఇవాళ మీకు ఏ పరీక్షా అక్కర్లేదు.

పైపు తీశాక మూత్రం ఎలా వస్తోంది, బిళ్లల పేరు, స్కానింగ్‌లో గ్రంథి సైజు, ఆరు వారాల తర్వాతి పీఎస్ఏ, ఈ నాలుగూ రాయండి. ఆ తర్వాత ఎమ్మారై కావాలా వద్దా అన్నది చెప్పగలను.